సూపర్‌సోనిక్ క్షిపణుల వాయు సొరంగ పరీక్షలు

సూపర్‌సోనిక్ క్షిపణుల వాయు సొరంగ పరీక్షలు అనగా ధ్వని కంటే వేగంగా ప్రయాణించవలసిన క్షిపణి యొక్క చిన్న నమూనాను నేలమీద ఒక గదిలో కదలకుండా నిలిపి, దాని మీదుగా ధ్వనిని మించిన వేగంతో గాలిని ప్రవహింపజేసి, ఆ గాలి కలిగించే బలాలను, పీడనాలను, వేడిని కొలిచే పరీక్షలు. గాలిని ఈ విధంగా పంపే యంత్రాంగాన్ని వాయు సొరంగం లేదా విండ్ టన్నెల్ అని అంటారు. నిశ్చలమైన గాలిలో క్షిపణి దూసుకుపోయినా, నిశ్చలమైన క్షిపణి మీదుగా గాలి దూసుకుపోయినా, రెండింటి మధ్య సాపేక్ష వేగం ఒకటే అయితే కలిగే బలాలు కూడా ఒకటే. వాయు సొరంగానికి ఈ సూత్రమే ఆధారం.

భారతదేశంలో క్షిపణుల రూపకల్పనకు ప్రధాన కేంద్రం హైదరాబాదు. నగరానికి తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాలకు దక్షిణ దిశగా కొన్ని కిలోమీటర్ల దూరంలో, కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల (డీఆర్‌డీఎల్) ఉన్నది. ఇది 1961లో ఢిల్లీలో ఏర్పడి, మరుసటి సంవత్సరం హైదరాబాదుకు తరలివచ్చినది. పృథ్వి, అగ్ని, ఆకాశ్ మొదలైన క్షిపణుల ఆకారం ఇక్కడ కాగితం మీద రూపుదిద్దుకున్నది. కాని ఆ ఆకారం సరైనదో కాదో చెప్పే గాలి పరీక్ష ప్రధానంగా బెంగుళూరులో జరుగుతూ వచ్చినది. ధ్వనివేగానికి అయిదు రెట్లు మించిన గాలి కోసం ఒక దశలో నమూనా దేశం దాటి వెళ్ళవలసి వచ్చినది. హైదరాబాదులోనే అటువంటి పెద్ద సొరంగం 2020 డిసెంబరులో ప్రారంభమైనది.

మాక్ సంఖ్య

ఒక వస్తువు వేగాన్ని అక్కడి గాలిలోని ధ్వనివేగంతో భాగిస్తే వచ్చే సంఖ్యను మాక్ సంఖ్య అంటారు. ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ పేరు మీద దీనికి ఈ పేరు 1929లో స్విస్ శాస్త్రవేత్త యాకబ్ ఆకెరెట్ పెట్టినాడు. సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో ధ్వనివేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. పైకి పోయిన కొద్దీ గాలి చల్లబడుతుంది కనుక 11 కిలోమీటర్ల ఎత్తున ఇది సుమారు 295 మీటర్లకు తగ్గుతుంది. కాబట్టి మాక్ 2 అనునది ఒకే స్థిరమైన వేగం కాదు. పత్రికలలో క్షిపణి వేగాన్ని గంటకు ఇన్ని కిలోమీటర్లని వ్రాసేటప్పుడు ఈ సంగతి తరచుగా మరచిపోతారు.

మాక్ 1 కంటే తక్కువ వేగాలను సబ్‌సోనిక్ అని, 1కి అటూ ఇటూ ఉన్నవాటిని ట్రాన్సోనిక్ అని, దానికి పైన సూపర్‌సోనిక్ అని, సుమారు 5 దాటిన తరువాత హైపర్‌సోనిక్ అని అంటారు. ఈ విభజన కేవలం పేర్లకు సంబంధించినది కాదు. ఒక్కొక్క హద్దు దాటగానే గాలి ప్రవర్తన మారుతుంది, దానితో పాటు సొరంగం నిర్మాణమూ మారవలసి ఉంటుంది.

పరీక్ష ఎందుకు అవసరం

ధ్వని కంటే నెమ్మదిగా పోయే వస్తువు రాకను ముందున్న గాలికి పీడన తరంగాలు తెలియజేస్తాయి, గాలి ముందే పక్కకు తప్పుకుంటుంది. ధ్వనిని మించి వచ్చే వస్తువు సంగతి గాలికి ముందుగా తెలియదు. అందువలన వస్తువు ముక్కు వద్ద, రెక్కల అంచుల వద్ద గాలి పీడనం, సాంద్రత, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరిగే పలుచని పొర ఏర్పడుతుంది. దీనిని ఆఘాత తరంగం అంటారు. ఎర్నెస్ట్ మాక్, పీటర్ సాల్చర్ కలిసి 1886లో తుపాకి గుండు ముందు ఏర్పడిన ఈ తరంగాన్ని ఛాయాచిత్రం తీసి చూపించినారు.

క్షిపణి రూపశిల్పికి ఇక్కడ ఎదురయ్యే ముఖ్యమైన చిక్కు స్థిరత్వం. క్షిపణి మీద పనిచేసే గాలి బలాలన్నింటి ఫలితం ఒక బిందువు వద్ద పనిచేస్తున్నట్లు భావించవచ్చు. దానిని పీడన కేంద్రం అంటారు. ఇది గురుత్వ కేంద్రానికి వెనుక ఉన్నంత వరకు, ముక్కు పక్కకు తిరిగితే గాలే దానిని తిరిగి దారికి తెస్తుంది. ముందుకు వస్తే గాలి ఆ తప్పును మరింత పెంచుతుంది. మాక్ 0.8 నుండి 1.2 వరకు దాటేటప్పుడు పీడన కేంద్రం గణనీయంగా జరుగుతుంది. అదే సమయంలో ఇంధనం మండి తగ్గుతూ ఉండడం వలన గురుత్వ కేంద్రం కూడా జరుగుతుంది. ఈ రెండింటి మధ్య దూరం ప్రతి వేగంలోను, ప్రతి కోణంలోను ఎంత ఉన్నదో ముందుగా తెలియకుండా నియంత్రణ వ్యవస్థను తయారు చేయడం సాధ్యం కాదు. తోక రెక్కను తిప్పడానికి ఎంత బలం కావాలో తెలియకపోతే దానిని తిప్పే మోటారును ఎంపిక చేయడం కూడా సాధ్యం కాదు. ఈ అంకెల పట్టికను నింపడమే వాయు సొరంగం చేసే పని.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీలోని పీనెముండేలో ఏ-4 రాకెట్టు కొరకు 40 సెంటీమీటర్ల సూపర్‌సోనిక్ సొరంగాన్ని నిర్మించినారు. దాని తోక రెక్కల ఆకారం చాలావరకు అక్కడి పరీక్షల నుండి వచ్చినదే. తరువాతి కాలపు క్షిపణి కార్యక్రమాలన్నీ ఈ పద్ధతినే అనుసరించినవి.

సొరంగం నిర్మాణం

తోటలో నీళ్ళు పట్టే గొట్టం చివర బొటనవేలితో సగం మూస్తే నీరు వేగంగా చిమ్ముతుంది. దారి ఇరుకైతే వేగం పెరుగుతుందని దీని వలన అందరికీ తెలిసిన విషయమే. గాలి విషయంలో ఇది ధ్వనివేగం వరకే వర్తిస్తుంది. ధ్వనివేగాన్ని చేరిన గాలిని ఇంకా వేగవంతం చేయాలంటే దారిని వెడల్పు చేయాలి. కనుక సూపర్‌సోనిక్ సొరంగంలో గాలి మొదట ఇరుకైన కంఠం వద్దకు వచ్చి, అక్కడ సరిగ్గా మాక్ 1 చేరి, అక్కడి నుండి విచ్చుకునే నాజిల్‌లో వేగం పుంజుకుంటుంది. స్వీడన్ ఇంజనీరు గుస్టాఫ్ డి లావల్ ఆవిరి టర్బైన్ల కోసం ఈ రకమైన నాజిల్‌ను వాడినందున దానికి ఆయన పేరు వచ్చినది.

నాజిల్ చివర వైశాల్యం కంఠం వైశాల్యానికి ఎన్ని రెట్లు అనే దాని మీదనే మాక్ సంఖ్య ఆధారపడుతుంది. మాక్ 2 కావాలంటే 1.69 రెట్లు, మాక్ 4కు 10.7 రెట్లు, మాక్ 6కు సుమారు 53 రెట్లు ఉండాలి. యంత్రాన్ని ఎంత గట్టిగా నడిపినా ఈ నిష్పత్తి మారనిదే వేగం మారదు. అందువలన చాలా సొరంగాలలో నాజిల్ గోడలను వంగే ఉక్కు పలకలతో చేసి, జాకీల సాయంతో వాటి వంపును మారుస్తారు.

ఇటువంటి గాలిని నిరంతరంగా వీచేటట్లు చేయడం చాలా ఖర్చుతో కూడినది. 1.2 మీటర్ల చదరపు గదిలో మాక్ 2 గాలి కావాలని, నాజిల్‌కు ముందు పీడనం 2 బార్లు అని అనుకుంటే, లెక్క ప్రకారం సెకనుకు సుమారు 400 కిలోల గాలి ప్రవహించాలి. అర నిమిషానికి ఇది 12 టన్నులు. అందుచేత గాలిని కంప్రెసర్లతో పెద్ద ఉక్కు ట్యాంకులలో నెమ్మదిగా నింపి, ఒక్కసారిగా వదలి, కొన్ని పదుల సెకన్లలో పరీక్ష ముగిస్తారు. దీనిని బ్లోడౌన్ పద్ధతి అంటారు. పరీక్ష కంటే ట్యాంకులు నింపడానికి పట్టే సమయం ఎన్నో రెట్లు ఎక్కువ.

ట్యాంకులలోకి పోయే గాలిని ముందుగా బాగా ఆరబెట్టడం తప్పనిసరి. నాజిల్‌లో వ్యాకోచించిన గాలి విపరీతంగా చల్లబడుతుంది. గాలిలో తేమ ఉంటే అది మంచుగా మారి కొలతలన్నింటినీ పాడు చేస్తుంది. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద బయలుదేరిన గాలి మాక్ 2.5 చేరేసరికి సున్నాకు దిగువన 140 డిగ్రీలకు, మాక్ 4 చేరేసరికి సున్నాకు దిగువన 202 డిగ్రీలకు చల్లబడుతుంది. మామూలు పీడనంలో గాలి సున్నాకు దిగువన 194 డిగ్రీల ప్రాంతంలో ద్రవమవుతుంది. సొరంగంలో పీడనం తక్కువ కనుక మాక్ 4 వరకు గండం గడుస్తుంది. మాక్ 6 వద్ద ఇదే లెక్క సున్నాకు దిగువన 236 డిగ్రీలు చూపుతుంది, అనగా గాలి గాలిగా మిగలదు. కాబట్టి మాక్ 5 దాటిన సొరంగంలో గాలిని ముందుగా బాగా కాచి పంపవలసి ఉంటుంది. సూపర్‌సోనిక్ సొరంగం ఉన్నవారు దానినే పెద్దది చేసి హైపర్‌సోనిక్‌గా మార్చుకోలేకపోవడానికి ఇది ముఖ్యమైన కారణం.

నమూనా, కొలతలు

నమూనాను సాధారణంగా గట్టి ఉక్కుతో తయారు చేస్తారు. దాని వెనుక భాగం నుండి ఒక కడ్డీ లోపలికి పోయి నమూనాను నిలబెడుతుంది. నమూనా కడుపులో తులామానం ఉంటుంది. ఇది చూడటానికి చిన్న లోహపు ముక్క వలె ఉన్నా, దానికి అతికించిన సన్నని విద్యుత్ తీగల నిరోధం మారే తీరును బట్టి మూడు దిశలలోని బలాలను, మూడు అక్షాల చుట్టూ తిప్పే శక్తులను వేరువేరుగా చెప్పగలదు. గాలి వీస్తున్న కొద్ది సెకన్లలోనే కడ్డీని మెల్లగా వంచుతూ, నమూనాను ఒక కోణం నుండి మరొక కోణానికి తీసుకుపోతారు. ఆ విధంగా ఒక్క పరీక్షలో ఒక వేగానికి సంబంధించిన మొత్తం వక్రరేఖ వస్తుంది. తరువాత తోక రెక్కలను రెండు డిగ్రీలు తిప్పి, ట్యాంకులు మళ్ళీ నింపి, అదే పని మొదటి నుండి చేస్తారు. ఒక క్షిపణికి ఇటువంటి పరీక్షలు వందల సంఖ్యలో అవసరమవుతాయి.

ఉక్కునే వాడటానికి మరొక కారణం ఉన్నది. సొరంగం మొదలయ్యే క్షణంలో ఒక బలమైన ఆఘాత తరంగం నాజిల్ నుండి బయలుదేరి నమూనా మీదుగా దాటిపోతుంది. ఆ దెబ్బ పరీక్షలో కొలవబోయే బలాల కంటే చాలా ఎక్కువగా ఉండవచ్చు. సొరంగం ఆగేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. తులామానం ఈ రెండు దెబ్బలకు విరగకూడదు, అయినా మధ్యలో వచ్చే చిన్న బలాన్ని సున్నితంగా కొలవాలి. ఈ రెండు కోరికలు ఒకదానికొకటి విరుద్ధమైనవి.

నమూనా పొడవుకు కూడా హద్దు ఉన్నది. ముక్కు నుండి బయలుదేరిన తరంగం గోడను తాకి వెనుకకు మళ్ళి నమూనా తోకను తగిలితే, నిజమైన ఆకాశంలో లేని బలం కొలతలోకి చేరుతుంది. బలహీనమైన తరంగం గాలి దిశతో చేసే కోణం మాక్ 1.5 వద్ద సుమారు 42 డిగ్రీలు, మాక్ 2 వద్ద 30 డిగ్రీలు, మాక్ 4 వద్ద 14.5 డిగ్రీలు. కనుక వేగం తక్కువైనప్పుడే ఈ బెడద ఎక్కువ. ట్రాన్సోనిక్ పరీక్షలకు గోడలనే చిల్లులు పెట్టి తయారు చేస్తారు. తరంగాలను కంటితో చూడటానికి శ్లీరెన్ అనే పద్ధతి ఉన్నది. సాంద్రత మారిన చోట కాంతి కొద్దిగా వంగుతుంది కనుక తరంగాలు నల్లని, తెల్లని గీతలుగా తెరమీద కనిపిస్తాయి.

బెంగుళూరు సొరంగాలు

భారతదేశంలో సూపర్‌సోనిక్ సొరంగాల చరిత్ర సతీష్ ధావన్‌తో మొదలవుతుంది. ఆయన అమెరికాలోని కాల్‌టెక్‌లో చదువు ముగించి 1951లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరి, అక్కడ దేశంలో మొదటి సూపర్‌సోనిక్ సొరంగాన్ని నిర్మించినాడు. దాని గది అడ్డుకొలత కేవలం 1 అంగుళం, 3 అంగుళాలు. అరచేతిలో పట్టేంత గదిలో చేసిన ఆ పని నుండే ఒక తరం ఇంజనీర్లు తయారైనారు. శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రానికి 2002లో ఆయన పేరు పెట్టినారు.

1967లో బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలో 1.2 మీటర్ల ట్రైసోనిక్ సొరంగం పని ప్రారంభించినది. సబ్‌సోనిక్, ట్రాన్సోనిక్, సూపర్‌సోనిక్ అనే మూడింటినీ, అనగా మాక్ 0.2 నుండి మాక్ 4 వరకు, ఒకే చోట ఇవ్వగలదు కనుక దానికి ఆ పేరు వచ్చినది. ఉపగ్రహ వాహకాలు, యుద్ధ విమానాలు, క్షిపణులు అన్నీ ఈ ఒక్క సొరంగం గుండానే దాటి వచ్చినవి. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంలో అదే కొలత గల మరొక ట్రైసోనిక్ సొరంగం మొదటి పరీక్ష 2022 డిసెంబరు 8న జరిగినది. రెండింటి మధ్య వ్యవధి 55 సంవత్సరాలు. ఈ కాలంలో దేశంలోని కార్యక్రమాలు ఎన్ని రెట్లు పెరిగినవో చూస్తే, ఒక సొరంగం మీద ఎంత భారం పడినదో ఊహించవచ్చు.

హైదరాబాదు క్షిపణులు

1982లో ఏ.పీ.జే. అబ్దుల్ కలాం డీఆర్‌డీఎల్ సంచాలకుడైనాడు. 1983లో సమీకృత నిర్దేశిత క్షిపణి అభివృద్ధి కార్యక్రమం మంజూరైనది. పృథ్వి 1988 ఫిబ్రవరి 25న, అగ్ని 1989 మే 22న మొదటిసారి ఎగిరినవి. ఈ రెండింటి మధ్య కాలం విదేశీ సహాయం మూసుకుపోతున్న కాలం. 1987 ఏప్రిల్‌లో ఏడు దేశాలు కలిసి క్షిపణి సాంకేతికత ఎగుమతులను నియంత్రించే ఒప్పందాన్ని ప్రకటించినవి. గాలి ప్రవాహాన్ని కంప్యూటరు మీద లెక్కించగల సూపర్ కంప్యూటర్ల అమ్మకం మీద కూడా ఆంక్షలు ఉండేవి. సొరంగంలో కొలవలేనిదానిని లెక్కతో తెలుసుకొనే మార్గం కూడా ఆ విధంగా ఇరుకైనది. దీనికి సమాధానంగా 1988లో హైదరాబాదులో ఏర్పడిన అనురాగ్ అనే ప్రయోగశాల పేస్ అను సమాంతర కంప్యూటరును తయారు చేసినది. పేస్ అనే పేరులోని అక్షరాలు విడదీస్తే వచ్చేది వాయుగతిక గణనలకు, అంచనాలకు ఉద్దేశించిన ప్రాసెసర్ అని. ఆ యంత్రం ఏ అవసరం నుండి పుట్టినదో పేరే చెబుతున్నది.

వాయు సొరంగం దృష్ట్యా ఈ తరం క్షిపణులలో ఆసక్తికరమైనది ఆకాశ్. భూమి నుండి ఆకాశంలోని విమానాన్ని కొట్టే ఈ క్షిపణి వేగం సుమారు మాక్ 2.5. మొదటి ప్రయోగం 1990లో జరిగినది, సైన్యానికి, వాయుసేనకు 2015లో అందినది. ఇది తనతో ప్రాణవాయువును మోసుకుపోకుండా, నడుము చుట్టూ ఉన్న నాలుగు ద్వారాల గుండా బయటి గాలినే తీసుకొని ఇంధనాన్ని మండిస్తుంది. దీనిని రామ్‌జెట్ అంటారు. మాక్ 2.5 వేగంతో వచ్చే గాలిని ఆఘాత తరంగాల ద్వారానే నెమ్మదింపజేసి, పీడనాన్ని వీలైనంత నిలుపుకొని, మంట ఆరిపోకుండా లోపలికి పంపాలి. క్షిపణి లక్ష్యాన్ని తరుముతూ పక్కకు ఒరిగినప్పుడు గాలికి ఎదురుగా ఉన్న ద్వారానికి నిండుగా గాలి అందుతుంది, చాటున ఉన్న ద్వారం మాత్రం క్షిపణి దేహం నుండి లేచిన సుడులలో చిక్కుకుంటుంది. తరంగం ద్వారం నుండి బయటికి నెట్టబడితే గాలి లోపలికి, బయటికి వేగంగా కొట్టుకొని మంట ఆరిపోవచ్చు. ఏ కోణం వరకు ఈ ప్రమాదం లేదో చెప్పడానికి నమూనా లోపల కూడా గాలిని కొలవవలసి ఉంటుంది. అందువలన రామ్‌జెట్ క్షిపణికి బయటి ఆకారం, ఇంజను అని రెండు వేరు పరీక్షలు చేసి ఊరుకుంటే సరిపోదు.

హైపర్‌సోనిక్ సొరంగం

రామ్‌జెట్‌లో గాలి ధ్వని కంటే నెమ్మదించిన తరువాతనే ఇంధనం మండుతుంది. మాక్ 5 దాటితే గాలిని అంతగా నెమ్మదింపజేయడం వలన అది మితిమీరి వేడెక్కుతుంది. కాబట్టి లోపలి ప్రవాహాన్ని కూడా సూపర్‌సోనిక్‌గానే ఉంచి మండించే స్క్రామ్‌జెట్ కావలసి వచ్చినది. గాలిలో దీపం అనే సామెత ఇక్కడ అక్షరాలా నిజం. ఇంధనం కలిసి, అంటుకొని, మండటానికి దొరికే సమయం సెకనులో వెయ్యవ వంతు ప్రాంతంలో ఉంటుంది.

డీఆర్‌డీఎల్ ఈ పద్ధతి కొరకు చేపట్టిన ప్రదర్శక వాహనాన్ని హెచ్‌ఎస్‌టీడీవీ అంటారు. 2000ల దశకం చివరలో దీని గాలి ద్వారాన్ని బెంగుళూరు ట్రైసోనిక్ సొరంగంలో పరీక్షించినారు. కాని ఆ సొరంగం మాక్ 4తో ఆగిపోతుంది. వాహనం మొత్తాన్ని 16వ వంతుకు తగ్గించిన నమూనాను ఇజ్రాయెల్ ఏరోస్పేస్ ఇండస్ట్రీస్ వారి హైపర్‌సోనిక్ సొరంగంలో పరీక్షించవలసి వచ్చినది. విదేశంలో పరీక్ష అంటే ఖర్చు ఒక్కటే కాదు. నమూనా ఆకారం, కొలతలు రెండూ మరొకరి కళ్ళముందు ఉంటాయి. ఫలితం చూసి ఒక అంచును కొద్దిగా మార్చి మరునాడే మళ్ళీ పరీక్షించే వీలు ఉండదు.

ఈ వాహనం మొదటి ప్రయోగం 2019 జూన్ 12న జరిగినది. 2020 సెప్టెంబరు 7న ఒడిషా తీరంలోని ద్వీపం నుండి జరిగిన ప్రయోగంలో అది 30 కిలోమీటర్ల ఎత్తున వాహక రాకెట్టు నుండి విడివడి, స్క్రామ్‌జెట్ మండుతుండగా 20 సెకన్లకు పైగా మాక్ 6 వేగంతో, అనగా సెకనుకు సుమారు 2 కిలోమీటర్ల చొప్పున ప్రయాణించినది.

అదే సంవత్సరం డిసెంబరు 19న హైదరాబాదులోని డాక్టర్ ఏ.పీ.జే. అబ్దుల్ కలాం క్షిపణి సముదాయంలో హైపర్‌సోనిక్ వాయు సొరంగాన్ని రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ప్రారంభించినారు. అప్పటి రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ అధ్యక్షుడు నెల్లూరు జిల్లాకు చెందిన జి. సతీష్ రెడ్డి. దీని నాజిల్ చివర వ్యాసం 1 మీటరు, మాక్ 5 నుండి 12 వరకు గాలిని ఇవ్వగలదు. ఈ పరిమాణంలో ఇటువంటి సొరంగం గల మూడవ దేశం భారతదేశమని, మొదటి రెండు అమెరికా, రష్యా అని ప్రభుత్వం ప్రకటించినది. తిరువనంతపురంలో కూడా 1 మీటరు హైపర్‌సోనిక్ సొరంగం 2017 నుండి ఉన్నది, అది అంతరిక్ష సంస్థకు చెందినది.

హైదరాబాదు సొరంగం పీడనం, శూన్యం రెండింటితోను నడుస్తుంది. మాక్ 6 వద్ద నాజిల్‌కు ముందున్న పీడనం గదిలోని పీడనానికి సుమారు 1,580 రెట్లు ఉండాలి. ముందు వైపు ఒత్తిడి పెంచడం ఒక్కటే చాలదు కనుక, వెనుక వైపు పెద్ద పాత్రలలో శూన్యం సృష్టించి గాలిని లాగుతారు. మాక్ 6 వద్ద 1 మీటరు నాజిల్‌కు కంఠం వ్యాసం ఆదర్శ లెక్క ప్రకారం 14 సెంటీమీటర్లు మాత్రమే. సొరంగంలోని వేడి గాలి భారమంతా ఆ ఇరుకు చోటనే పడుతుంది.

ఇంజను మంటను ఎక్కువసేపు పరీక్షించడానికి ఈ సొరంగం తగినది కాదు. దానికి వేరొక ఏర్పాటు ఉన్నది. వేడి గాలిని వాహనం చుట్టూ కాకుండా నేరుగా దహనగదిలోకి గొట్టంతో పంపుతారు. డీఆర్‌డీఎల్ ఆ విధంగా 2025 జనవరిలో స్క్రామ్‌జెట్ దహనగదిని 120 సెకన్లు, ఏప్రిల్ 25న చిన్న పరిమాణపు దహనగదిని 1,000 సెకన్లకు పైగా మండించినది. ఆకాశంలో మండిన 20 సెకన్లతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. వేడిమిని తట్టుకోవడానికి దహనగది గోడలను నిరంతరం చల్లబరచే పద్ధతిని ఇందులో వాడినారు. ఇంతకు ముందే, 2024 నవంబరు 16న, 1,500 కిలోమీటర్లకు మించిన పరిధి గల హైపర్‌సోనిక్ క్షిపణిని ఒడిషా తీరం నుండి ప్రయోగించినారు. దానిని అభివృద్ధి చేసినవి కూడా హైదరాబాదు సముదాయంలోని ప్రయోగశాలలే.

పరిమితులు

సొరంగం చెప్పినది అంతా ఆకాశంలో అట్లాగే జరుగుతుందని అనుకోరాదు. నమూనా చిన్నది కనుక దాని ఉపరితలాన్ని అంటుకొని పారే పలుచని గాలి పొర అసలు క్షిపణి మీద ఉన్నట్లు ఉండదు. దీనిని సరిచూడటానికి రేనాల్డ్స్ సంఖ్య అనే కొలతను వాడతారు. మాక్ సంఖ్య, రేనాల్డ్స్ సంఖ్య, ఉష్ణోగ్రత మూడూ ఒకేసారి అసలుతో సరిపోయే సొరంగం చాలా అరుదు. మాక్ 6 వేగంతో 30 కిలోమీటర్ల ఎత్తున పోయే వాహనపు ముక్కు వద్ద గాలి 1,400 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. సొరంగంలో గాలి ద్రవం కాకుండా ఉండేంత మాత్రమే కాచితే మాక్ సంఖ్య సరిపోతుంది గాని, ఆ వేడి రాదు. సొరంగం గోడల నుండి వచ్చే శబ్దం కూడా నునుపైన ప్రవాహాన్ని ముందుగానే అల్లకల్లోలం చేస్తుంది. నమూనాను పట్టుకున్న కడ్డీ వలన తోక వెనుక ప్రవాహం మారిపోతుంది.

అందువలన సొరంగం అంకెలను కంప్యూటరు లెక్కలతో సరిపోల్చి, తేడా ఎక్కడ వస్తున్నదో చూసి, తరువాత ప్రయోగంలో క్షిపణి నుండి రేడియో ద్వారా వచ్చిన సమాచారంతో రెండింటినీ సరిదిద్దుతారు. నియంత్రణ వ్యవస్థను కూడా ఒకే అంకెకు కాక, ఆ అంకెకు ఇరువైపులా ఉండగల పొరపాటు మొత్తానికి తట్టుకునేటట్లు తయారు చేస్తారు. ఆ పొరపాటు హద్దు ఎంత తక్కువగా ఉంటే క్షిపణి అంత తేలికగా, అంత చురుకుగా ఉండగలదు.